రేవు పనుల్లో బరువులెత్తే పరికరాలు – భద్రతా నిబంధనల భాష: దక్షిణ తెలంగాణ నుండి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఓడరేవుల్లోను, నౌకానిర్మాణశాలల్లోను సరుకులను, లోహభాగాలను ఎత్తి దించే క్రేన్లు, కొక్కేలు, గొలుసులు, ఇనుప తాళ్ళు మొదలైన పరికరాలకు సంబంధించిన భద్రతా నిబంధనలను సాధారణంగా ఇంజనీరింగ్ విషయంగానే పరిగణిస్తారు. అయితే ఆ నిబంధనలు కార్మికుణ్ణి చేరేది ఒక గుర్తుగానో, ఒక కేకగానో, ఒక నోటీసుగానో మాత్రమే. అంటే భాషా రూపంలోనే. ప్రధాన నిబంధనల ఉద్దేశాన్ని వివరించి, వాటిని తెలుగులో చెప్పేటప్పుడు అర్థం ఎక్కడ జారిపోతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 2020లో జరిగిన క్రేన్ ప్రమాదాన్ని ప్రధాన ఉదాహరణగాను, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వృత్తిపదజాలాన్ని భాషాధారంగాను స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: రేవు పనులు, క్రేన్, ఇనుప తాడు, భద్ర భారం, తనిఖీ, కళాసీ, హమాలీ, వృత్తిపదజాలం, నోటీసు భాష, పాలమూరు వలస.

1. ఉపోద్ఘాతం:

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాలు సముద్రానికి దూరంగా ఉన్న మెట్టనేలలు. కృష్ణానది అంచున పారుతుంది గాని ఓడ రాదు. అటువంటి ప్రాంతంలో తెలుగు బోధించే అధ్యాపకుడు ఓడరేవు యంత్రాల భద్రత గురించి ఎందుకు రాయాలి అన్న ప్రశ్న సహజమే. సముద్రం ఇక్కడికి రాకపోయినా ఇక్కడి మనుషులు పనికోసం దాని దగ్గరికి పోతూనే ఉన్నారన్నది దానికి మొదటి సమాధానం. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలో ఆనకట్టలు, కాలువలు, భవనాలు కట్టిన చోటల్లా వినిపించింది. నిజాం రాజ్యం నుండి బొంబాయికి పోయి అక్కడి కట్టడాల్లో రాయి, మట్టి మోసిన తెలుగు శ్రామికులైన కమాఠీల పేరు మీదనే ఆ నగరంలో కామాఠీపురా వెలిసింది. గుంపు మేస్త్రీ చేతిలో బయానా తీసుకొని బయలుదేరే మనిషికి తాను చేరబోయేది ఆనకట్టా, వంతెనా, రేవా అన్నది ముందుగా తెలియకపోవచ్చు. తెలిసేది ఒక్కటే: బరువు ఎత్తాలి, మోయాలి, దించాలి.

బరువును చేతులతో, తలలతో ఎత్తిన అనుభవం ఈ ప్రాంతానికి చాలా ఉంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట ప్రధానంగా మానవశ్రమతో లేచిన రాతికట్టడం. సరంజామా మెట్ల మీదుగా తలపై రాళ్ళు మోసుకొని ఎక్కిన వేలాది మంది ఆ కట్టడాన్ని పైకి లేపారు. మనిషి మోసే బరువుకు మనిషి శరీరమే కొలత. మోయలేనిది మోయలేనని మెడ, నడుము ముందే చెబుతాయి. యంత్రం అలా చెప్పదు. దాని హద్దును ఎవరో లెక్కకట్టి, దానిపై రాసి, మరొకరు చదివి తెలుసుకోవాలి. భద్రతా నిబంధనలకు భాషతో అవసరం మొదలయ్యేది ఇక్కడే.

2. మోటుపల్లి అభయం – సరుకుకు భద్రత:

తెలుగునేలలో సముద్ర వ్యవహారాలకు సంబంధించిన రక్షణ పత్రాలలో ప్రసిద్ధమైనది మోటుపల్లి అభయశాసనం. దానిని వేయించినది ఓరుగల్లు కేంద్రంగా పాలించిన కాకతీయ గణపతిదేవుడు, అంటే మెట్టసీమ ప్రభువు. శక సంవత్సరం 1166లో, అనగా సా.శ. 1244–45లో, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో ఈ శాసనం వెలిసింది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నామని అందులో ప్రకటించాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు.

శాసనం వర్తకుడికి అభయమిచ్చింది, అతని సరుకుకు అభయమిచ్చింది. ఆ సరుకును ఓడ నుండి పడవలోకి, పడవ నుండి ఒడ్డుకు మోసినవారి ప్రస్తావన అందులో లేదు. పదమూడో శతాబ్దపు శాసనాన్ని నేటి కార్మికచట్టం కొలతతో తూచడం న్యాయం కాదు. కాని సరుకు భద్రతకూ, సరుకు మోసేవారి భద్రతకూ మధ్య ఉన్న కాలవ్యవధిని గుర్తించడానికి ఆ శాసనం ఒక మంచి కొండగుర్తు. మొదటిదానికి తెలుగునేలపై రాతప్రతి 1244 నాటిది. రెండోది చట్టంగా రావడానికి దాదాపు 700 ఏళ్ళు పట్టింది.

3. చట్టాల నేపథ్యం:

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లో చేసిన 27వ ఒప్పందం చాలా చిన్నది. ఓడలో రవాణా అయ్యే వస్తువు లేదా మూట వెయ్యి కిలోలు గాని అంతకు మించి గాని ఉంటే, దాని బరువును పైన స్పష్టంగా, చెరిగిపోకుండా రాయాలన్నదే అందులోని సారం. భారతదేశం 1951లో బరువైన మూటలపై గుర్తులు వేయడం గురించి ఒక ప్రత్యేక చట్టమే చేసింది. రేవు కార్మికుల రక్షణకు సంబంధించిన తొలి అడుగుల్లో ఒకటి ‘రాయడం’ కావడం భాషాధ్యయనం చేసేవారు గమనించదగిన సంగతి.

1932 నాటి 32వ ఒప్పందం ఓడల్లోకి సరుకు ఎక్కించే, దించే కార్మికుల ప్రమాదాలను గురించినది. దానిని అమలుచేయడానికి 1934లో భారత డాక్ కార్మికుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 1986లో డాక్ కార్మికుల భద్రత, ఆరోగ్యం, సంక్షేమ చట్టం, 1990లో దాని నియమాలు వచ్చాయి. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఇటువంటి 13 చట్టాలను ఒకటిగా కలిపింది. 2025 నవంబరు 21న అది అమలులోకి వచ్చింది. అయితే పనిస్థలాల్లో దశాబ్దాలుగా పాతుకుపోయినవి పాత సెక్షన్లే కాబట్టి ఈ వ్యాసంలో వాటి పేరుతోనే చర్చించడం జరుగుతున్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రేవు గట్టుపై సరుకు దించే క్రేన్‌కు డాక్ చట్టం వర్తిస్తూ వచ్చింది. పక్కనే ఉన్న నౌకానిర్మాణశాల చట్టం దృష్టిలో ‘ఫ్యాక్టరీ’. కనుక అక్కడి క్రేన్‌కు 1948 ఫ్యాక్టరీల చట్టం వర్తించింది. సముద్రం ఒకటే, యంత్రం ఒకే రకానిది, కూలి ఈ నెల ఇక్కడ, వచ్చే నెల అక్కడ పనిచేస్తాడు. నిబంధన పుస్తకం మాత్రం గోడ దాటగానే మారింది.

4. నిబంధనల అంతరార్థం – కొక్కెం, తాడు, కోణం:

ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ బరువులెత్తే యంత్రాలు, గొలుసులు, తాళ్ళ గురించినది. ప్రతి పరికరాన్ని అర్హుడైన వ్యక్తి కనీసం 12 నెలలకొకసారి నిశితంగా పరిశీలించాలి. అది భద్రంగా మోయగల గరిష్ఠ భారాన్ని దానిపైనే స్పష్టంగా గుర్తించాలి. పరీక్ష కోసం తప్ప ఆ భారాన్ని ఎన్నడూ మించరాదు. పట్టాలపై నడిచే క్రేన్ దారిలో గాని దాని సమీపంలో గాని, అది తగిలే అవకాశం ఉన్న చోట, మనుషులు పనిచేస్తూ ఉంటే క్రేన్ ఆ చోటుకు ఆరు మీటర్లలోపు రాకుండా కట్టడి చేయాలి. ఇవి చదవడానికి సులభంగానే ఉంటాయి. వీటి వెనుక ఉన్న లెక్క తెలియనప్పుడు మాత్రం ఇవి గోడమీది రాతలుగానే మిగిలిపోతాయి.

భద్ర భారం అన్న భావననే తీసుకుందాం. ఒక ఇనుప తాడు అయిదు టన్నులు మోస్తుందని దానిపై ఉన్నదనుకుందాం. పది టన్నుల దూలాన్ని అటువంటి రెండు తాళ్ళతో ఎత్తితే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. తాళ్ళు రెండూ నిట్టనిలువుగా ఉన్నంతవరకే ఆ లెక్క నిలుస్తుంది. రెండు తాళ్ళూ ఒకే కొక్కేనికి చేరినప్పుడు అవి వాలుగా ఉంటాయి. తాడు నేలతో 60 డిగ్రీల కోణం చేస్తే ఒక్కొక్క తాడుపై పడే లాగుడు దాదాపు 5.8 టన్నులు. 45 డిగ్రీలైతే 7.1 టన్నులు. 30 డిగ్రీలకు వాలితే ఒక్కొక్క తాడూ పది టన్నులు లాగవలసి వస్తుంది, అంటే రెండు తాళ్ళు కట్టిన ఫలితమే ఉండదు. ఇది బల్లపై బొమ్మ గీసి చెబితే అర్థంకానివారికి కూడా ఇంటి అనుభవంతో అర్థమవుతుంది. ఇద్దరు కలిసి నిండు బొక్కెన మోసేటప్పుడు దగ్గరగా నడిస్తే చేయి తేలికగా ఉంటుంది. దూరం జరిగినకొద్దీ భుజం గుంజుతుంది. నీళ్ళ బరువు పెరగలేదు, కోణం తగ్గింది.

తాడు విషయానికి వస్తే, అమెరికాలో సముద్రతీర పనిస్థలాలకు ఉన్న వృత్తిభద్రతా నిబంధనలు చాలా వివరంగా ఉంటాయి. వాటిలోని ఒక నిబంధనను తెలుగులో ఇలా చెప్పవచ్చు: ఇనుప తాడులో ఒక పురి పొడవులో పది పోగులు అక్కడక్కడా తెగినా, లేదా ఒకే పేటలో మూడు పోగులు తెగినా ఆ తాడును వాడకూడదు. పురి, పేట, పోగు అన్న ఈ మూడు మాటల్లో ఏదీ నేను కల్పించినది కాదు. నూలు వడికేవారికి, మగ్గం నేసేవారికి, మోకు పేనేవారికి తరతరాలుగా తెలిసినవే. అదే నిబంధనలో తాడు పేటలు విప్పారి బుట్టలా ఉబ్బడాన్ని ఆంగ్లంలో ‘పిట్ట పంజరం’ అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. వారి కూలి తనకు తెలిసిన వస్తువుతో పోల్చి పెట్టిన పేరు అది, తరువాత చట్టంలోకి ఎక్కింది. మన దగ్గర ప్రయాణం తలకిందులుగా సాగుతున్నది. చట్టంలో పుట్టిన మాటను కూలి నోటికి ఎక్కించాలని చూస్తున్నాం.

కొక్కేనికీ ఇటువంటి కొలతలే ఉన్నాయి. దాని నోరు మామూలు కొలతకంటే 15 శాతానికి మించి తెరుచుకున్నా, అది 10 డిగ్రీలకు మించి మెలి తిరిగినా పక్కన పెట్టాలని అమెరికా క్రేన్ నిబంధనలు చెబుతాయి. భారం కొక్కెం గొంతులో కూర్చోవాలి, మొనపై పడితే అది వంగిపోతుంది. ఊగుతున్న బరువుకూ కదలని గోడకూ నడుమ ఎవరినీ నిలబడనీయరాదన్నది మరొక నిబంధన. ఈ చివరిదానికి యంత్రజ్ఞానం అక్కరలేదు. అయినా నౌకానిర్మాణశాలల నిబంధనల్లో దానిని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. పని తొందరలో మనిషి మరచిపోయేది అటువంటి సంగతులనే.

5. 2020 ఆగస్టు 1:

విశాఖపట్నం నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన తొలి ఓడ ‘జల ఉష’ను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. సింధియా సంస్థ నెలకొల్పిన ఈ నిర్మాణశాల 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు లిమిటెడ్‌గా మారింది. 2010లో రక్షణ మంత్రిత్వశాఖ పరిధిలోకి వెళ్ళింది.

2020 ఆగస్టు 1న మధ్యాహ్నవేళ అక్కడ 70 టన్నుల సామర్థ్యం గల క్రేన్ ఒకటి కుప్పకూలింది. పదకొండు మంది మరణించారు. వారిలో నలుగురు సంస్థ ఉద్యోగులు, ఏడుగురు ఒప్పంద సంస్థల తరఫున పనిచేస్తున్నవారు. క్రేన్ అప్పుడు రోజువారీ పనిలో లేదు. దానికి భారంతో పరీక్ష జరుగుతున్నది.

ఈ చివరి వాక్యం దగ్గర ఆగి ఆలోచించవలసిన అవసరం ఉంది. భారంతో పరీక్షించడమన్నది భద్రతా నిబంధన. సాధారణంగా పాటించే కొలత ప్రకారం 20 టన్నుల వరకు సామర్థ్యం ఉన్న క్రేన్‌ను అంతకంటే 25 శాతం ఎక్కువ బరువుతో, 20 నుండి 50 టన్నులదాకా ఉన్నదానిని అయిదు టన్నులు అదనంగా, 50 టన్నులు దాటినదానిని పది శాతం అదనంగా పరీక్షిస్తారు. సెక్షన్ 29 ‘పరీక్ష కోసం తప్ప’ అని ఇచ్చిన మినహాయింపు దీనికోసమే. యంత్రం నిలబడుతుందో లేదో తెలుసుకోవడమే పరీక్ష ఉద్దేశం. నిలబడకపోవడం కూడా ఆ పరీక్షకు ఒక సంభావ్య ఫలితమే. అందువల్ల మామూలు పనికంటే పరీక్ష సమయంలోనే క్రేన్ కింద, క్రేన్‌పైన, అది పడగల పరిధిలో ఎంతమంది ఉండాలన్న ప్రశ్న మరింత కఠినంగా అడగవలసి ఉంటుంది. మా తరంలో చాలామంది ఆ దృశ్యాన్ని ఫోన్లలో చూశారు. ఆ వార్తలలో ‘ట్రయల్ రన్’ అన్న మాట పదేపదే వినిపించింది. తెలుగు చెవికి ఆ మాట ఉత్తుత్తి పరుగులాగా, ప్రమాదం లేని సన్నాహంలాగా వినిపిస్తుంది. ‘భార పరీక్ష’ అన్నప్పుడు కలిగే జాగ్రత్త అందులో లేదు.

6. పరీక్ష, పరిశీలన, తనిఖీ – ఒకే మాటలో మూడు పనులు:

పరిభాషకు సంబంధించి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సమస్య ఇది. 1979లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 152వ ఒప్పందం, రేవు పనుల్లోని ఎత్తే పరికరాల విషయంలో మూడు వేర్వేరు పనులను మూడు వేర్వేరు అధికరణాలలో చెప్పింది. 22వ అధికరణం పరీక్షను గురించినది. ఇందులో బరువు వేసి చూడడం ఉంటుంది. ఓడపై ఉండే యంత్రాలకు కనీసం అయిదేళ్ళకొకసారి దీనిని మళ్ళీ చేయాలి. 23వది అర్హుడైన వ్యక్తి ఏడాదికొకసారి చేసే నిశిత పరిశీలన. 24వది విడి పరికరాలను, అంటే కొక్కేలు, గొలుసులు, తాళ్ళు వంటివాటిని వాడకముందు క్రమం తప్పకుండా చూసుకోవడం. అమెరికా నౌకానిర్మాణశాలల నిబంధన దీనిని మరింత బిగించి, ప్రతి షిఫ్టుకు ముందూ, అవసరమైతే పని నడుమా చూడాలని చెప్పింది.

తెలుగు వార్తల్లో, కార్యాలయ పత్రాల్లో ఈ మూడింటికీ ‘తనిఖీ’ అన్న ఒకే మాట సరిపెట్టుకోవడం మనకు అలవాటు. ఉర్దూ ద్వారా వచ్చిన ఆ మాటలో అధికారి వచ్చి లెక్కలు చూసి పోవడమన్న ఛాయ బలంగా ఉంది. తనిఖీ అంటే పైవాడు చేసేది. దీని ఫలితం పనిస్థలంలో కనిపిస్తుంది. ‘తనిఖీ అయింది’ అన్న ముద్ర క్రేన్‌పై ఉంటే ఇవాళ్టి తాడును ఇవాళ చూడవలసిన పని తనదేనని కూలికి తోచదు. ఏడాదికొకసారి జరిగేది ప్రతిపూట జరగవలసినదాన్ని మింగేస్తుంది.

మూడు పనులకు మూడు మాటలు కావాలి. మొదటిదానికి ‘భార పరీక్ష’, రెండోదానికి ‘నిశిత పరిశీలన’ సరిపోతాయని అనుకుంటున్నాను. మూడోదానికి పుస్తకపు మాట అక్కరలేదు. నల్లగొండ జిల్లాలో తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకును ప్రతిరోజూ చేత్తో తడిమి, నలిగిన చోటు, పురి వదిలిన చోటు చూసుకొన్న తరువాతే చెట్టుకు వేస్తాడు. ఎవరో వచ్చి చూడాలని ఎదురుచూడడు, చెట్టు ఎక్కేది తానే కనుక. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కిట్టు కొత్తది గాని మోకు తడిమి చూసే అలవాటు పాతదే. ఆ పనిని ‘తాడు చూసుకోవడం’ అంటే చాలు. ‘చూసుకోవడం’లోని ‘కొను’ అనే ఆత్మార్థకం చేసే మేలు ఏ సంస్కృత సమాసమూ చేయలేదు. చూసేవాడూ, దాని ఫలితం అనుభవించేవాడూ ఒకడేనని ఆ క్రియారూపమే చెబుతుంది.

7. కేకలు, సంజ్ఞలు – ‘ఆర్యా’ ఎవరిని పిలుస్తుంది?:

క్రేన్ నడిపేవాడు చాలాసార్లు బరువును స్వయంగా చూడలేడు. ఓడ కడుపులోకి దించేటప్పుడు అసలే చూడలేడు. కింద నిలబడి చేయి ఆడించేవాడే అతని కళ్ళు. అందుకే సంజ్ఞ ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలని, ఆగమనే సంజ్ఞ మాత్రం ఎవరిచ్చినా పాటించాలని క్రేన్ పనుల్లో సర్వత్రా నేర్పుతారు. అమెరికా నౌకానిర్మాణశాలల నిబంధనల్లో ఒకటి నేరుగా భాషకు సంబంధించినది: గుర్తులు, నోటీసులు, నడిపే సూచనలు అర్థం చేసుకోగలిగి, వాడుకలో ఉన్న సంజ్ఞలు తెలిసినవారినే క్రేన్ నడపనీయాలి. నైపుణ్యంతో పాటు అర్థజ్ఞానం కూడా అర్హతే అన్నమాట.

మన రేవుల్లో, నిర్మాణస్థలాల్లో చేతి సంజ్ఞలతో పాటు కేకలు కూడా ఉన్నాయి. బరువు దించమనడానికి ‘ఆర్యా’, ఎత్తమనడానికి ‘హబేస్’ అన్నవి క్రేన్ పనివారి నోట వినిపిస్తాయి. ప్రాంతాన్ని బట్టి ఉచ్చారణ కాస్త మారుతుంది. తెలుగు పండితుడి చెవికి ‘ఆర్యా’ అంటే గౌరవ సంబోధన. నాటకంలో నటి సూత్రధారుణ్ణి పిలిచినట్టు ఉంటుంది. నిజానికి దానికి సంస్కృతంతో సంబంధం లేదు. పోర్చుగీసు భాషలో తెరచాప దించడాన్ని చెప్పే ‘అర్రియార్’ అన్న క్రియ నుండి ఓడపనివారి మిశ్రభాషలోకి వచ్చిన మాట అది. ఆ భాష పదాలకు థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ఒక నౌకానిఘంటువే ప్రచురించాడు. తెరచాపలు పోయాయి, ఆజ్ఞ మిగిలింది.

ఈ మాటల చరిత్ర మన మెట్టసీమకు కూడా దూరమైనది కాదు. నాగార్జునసాగర్ కాలువల తూములు చూసుకొనే చిన్న ఉద్యోగిని ‘లష్కరు’ అంటారు. సైన్యమన్న అర్థమున్న పారశీక పదం ఓడపనివాడి పేరుగా మారి, ఆపై నీటిపారుదల శాఖ ద్వారా నల్లగొండ పొలాల దాకా వచ్చింది. గోదావరి లాంచీ నడిపే ‘సరంగు’ కూడా ఇటువంటి వలసదారే. విశాఖ రేవులో సరుకు మోసేవాడు ‘కళాసీ’, మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తా మోసేవాడు ‘హమాలీ’. రెండూ అరబ్బీ మూలాలున్న పదాలే. ఒకటి సముద్రం మీదుగా వచ్చింది, మరొకటి నిజాం కాలపు ఉర్దూ మీదుగా. వీరిద్దరూ ఒకే బియ్యపు బస్తాకు రెండు చివర్లలో నిలబడినా, ఒకరి మాట మరొకరికి పరాయిది. మిల్లు హమాలీ కొడుకు రేవు పనికి పోయి మొదటి రోజున ‘హబేస్’ అన్న కేక వింటే, అది ఎత్తమనడమో దించమనడమో ఊహించడానికి తెలుగు అతనికి ఏ ఆధారమూ ఇవ్వదు. తప్పుగా ఊహించడానికి పట్టే సమయం ఒక్క క్షణం. బృందమంతా ఒకే చోటి నుండి వచ్చిన రోజుల్లో కేక పనిచేసింది. ఒడియా, హిందీ, బెంగాలీ, తెలుగు మాట్లాడేవారు ఒకే కొక్కెం కింద పనిచేసే నేటి పరిస్థితిలో చేతి సంజ్ఞకే ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది. పనిలో చేరిన పూటనే దానిని నేర్పాలి. ఆ కేకలను సేకరించి భద్రపరచడం పరిశోధకుల పని. వాటినే కొనసాగించాలని కోరుకోవడం మాత్రం భాషాభిమానం పేరుతో చేసే పొరపాటు అవుతుంది.

8. నోటీసు ఏ తెలుగులో ఉండాలి?:

ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం నోటీసులు ఆంగ్లంలోను, అక్కడి కార్మికుల్లో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోను ఉండాలి. చట్టం ‘అధికసంఖ్యాకులు మాట్లాడే భాష’ అనలేదు, ‘అర్థమయ్యే భాష’ అన్నది. తెలుగు మాట్లాడేవారందరికీ ప్రతి తెలుగూ ఒకేలా అర్థమవుతుందన్న నమ్మకంతోనే మనం ఈ రెండింటినీ ఒకటిగా తీసుకుంటున్నాం.

పేర్లలో భేదం అందరికీ తెలిసినదే. పాఠ్యపుస్తకంలో ‘కప్పీ’ అని చదివినదాన్నే కోస్తా పల్లెల్లో ‘గిలక’ అంటే, మన మోటబావి ‘గిరక’ అంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం ఇటువంటి మాండలిక భేదాలను జిల్లాల వారీగా నమోదు చేసే పద్ధతిని మనకు చూపింది. మోటకు సంబంధించిన తాడు, గిరక, బొక్కెనల పదజాలం బరువును ఎత్తే యంత్రం పదజాలమే. రేవు పరికరాలకు తెలుగు పేర్లు వెతికేవారు మొదట చూడవలసినది అటువంటి కోశాలను. అయితే షాకిల్, స్లింగ్, విన్చి వంటివి ఇప్పటికే కార్మికుల నోటిలో స్థిరపడ్డాయి. వాటికి కొత్త అనువాదాలు చేయడం అనవసరం, కొంత ప్రమాదకరం కూడా. చేతిలో ఉన్న వస్తువుకు ఇద్దరు రెండు పేర్లు వాడితే పని తప్పుతుంది.

పేర్లకంటే చిక్కైనది క్రియ. ‘ఎత్తిన బరువు కింద నిలబడరాదు’, ‘సామర్థ్యమునకు మించి భారము వేయరాదు’ అన్నట్టు నిషేధాన్ని ‘-రాదు’తో చెప్పడం మన నోటీసులకు అలవాటైన శైలి. ప్రామాణిక రచనలో దాని అర్థం నిషేధమే. ఈ వ్యాసంలో కూడా నేను ఆ అర్థంలోనే వాడాను. కాని తెలంగాణ వ్యవహారంలో ‘-రాదు’కు మరో జీవితం ఉంది. ఇంటికి వచ్చినవారిని ‘కూసోరాదు’ అంటే కూర్చోవద్దని కాదు, కూర్చోమని ఆప్యాయంగా బతిమాలడం. ‘తినరాదు’ అంటే తినవచ్చు కదా, తినమని. ‘ఒక మాట చెప్పరాదు’ అంటే చెప్పమని. మాటలో ఉన్నప్పుడు గొంతు తీరు ఈ భేదాన్ని విప్పి చెబుతుంది. గోడమీద రాసినదానికి గొంతు ఉండదు. చదువుకున్నవారెవరూ క్రేన్ కింద ఉన్న నోటీసును ఆహ్వానంగా పొరబడరు, నిజమే. కాని నోటీసు ఉన్నది మొదటగా చదువుకున్నవారి కోసం కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివే మనిషి, తన ఇంట్లో పుట్టినప్పటి నుండి పిలుపుగా విన్న రూపాన్ని ఇక్కడ నిషేధంగా మార్చుకొని చదవవలసి వస్తున్నది. ఆ మార్పుకు పట్టే సమయం ఎంత చిన్నదైనా, ఊగే బరువు కింద అది ఎక్కువే.

‘వద్దు’కు ఈ ఇబ్బంది లేదు. ‘ఎత్తిన బరువు కింద నిలబడవద్దు’ అన్నదాన్ని విశాఖ కళాసీ ‘నిలబడొద్దు’ అని, పాలమూరు కూలి ‘నిలవడొద్దు’ అని చదువుకుంటారు. రెండు నోళ్ళలోనూ అర్థం ఒకటే. వాక్యంలో మిగిలిన మాటలను కూడా ఇదే పద్ధతిలో ఒక్కొక్కటిగా పట్టి చూడవలసి ఉంది. ‘భారము’ కంటే ‘బరువు’ మేలు. ‘వ్రేలాడు’ కంటే ‘ఎత్తిన’ మేలు, ఎందుకంటే వేలాడడం బరువు చేసే పని, ఎత్తడం మరొకరు చేస్తున్న పని. పైన ఒకరున్నారని ఆ రెండో మాట గుర్తుచేస్తుంది. నోటీసు రాసిన తరువాత దానిని కార్యాలయంలో కాక, కొత్తగా చేరిన గుంపు ముందు ఒకరిచేత చదివించి, ‘ఇప్పుడు ఏం చేయాలి?’ అని అడిగి, వారు చెప్పిన జవాబును బట్టి దిద్దుకోవాలి. ఈ పనికి యంత్రాలు తెలిసినవారితో పాటు మాండలికాలు తెలిసినవారు కూడా కూర్చోవలసి ఉంటుంది. అటువంటివారు మన తెలుగు శాఖల్లోనే ఉన్నారు.